పంపులో లేని పేరు

చీటీలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆస్పత్రిలో అందరూ అంటారు. అంత కోపం నిలవడానికి ముక్కొక్కటీ ఎక్కడ చాలుతుంది? కళ్ళలో కొంత, గొంతులో చాలా, కుడిచేతి చూపుడువేలిలో మిగతాదంతా పెట్టుకుని ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఐసీయూలో నర్సు పని చేస్తోంది. అందులో పదేళ్ళుగా ఉదయం డ్యూటీకి ఇన్‌చార్జ్.

ఆ ఐసీయూలో పన్నెండు మంచాలు. ఒక్కో మంచం పక్కన ఒక ఇనప స్తంభం, దానికి పైనుంచి కిందిదాకా నాలుగైదు పంపులు. పంపంటే నీళ్ళ పంపు కాదు. లావాటి సిరంజిని అడ్డంగా పడుకోబెట్టి, దాని పిడిని కంటికి ఆననంత నెమ్మదిగా నెడుతూ, గంటకి ఇంతని లెక్కగా మందుని నరంలోకి పంపే మర. నిద్రపుచ్చే మందు ఒక పంపులో, నొప్పి తగ్గించేది ఇంకోదాంట్లో, పడిపోతున్న బీపీని నిలబెట్టేది మరోదాంట్లో. "తప్పు మాత్ర ఇస్తే ఆ తప్పు ఒక్కసారే జరుగుతుంది. పంపులో తప్పు పెడితే అది గంటల తరబడి జరుగుతూనే ఉంటుంది, నువ్వు పక్కనే నిలబడి చూస్తూ ఉంటావు" అని ప్రతి కొత్త నర్సుకీ మొదటిరోజే చెబుతుంది. చెప్పడమంటే ఆవిడ విషయంలో అరవడమే.

అందుకే ప్రతి ట్యూబుకీ రెండు చివర్లా చీటీ ఉండాలంటుంది. సిరంజి దగ్గర ఒకటి, ఒంట్లోకి వెళ్ళే చోట ఒకటి. ఆవిడ జేబులో తెల్ల ప్లాస్టరు చుట్టా, నల్ల పెన్నూ లేకుండా ఎవరూ చూడలేదు. ఉదయం ఏడింటికి డ్యూటీ మారేటప్పుడు, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఇద్దరూ మంచం దగ్గరికి రావాలి. సిరంజి మీద వేలు పెట్టి, ట్యూబు వెంబడే జరుపుకుంటూ రోగి మెడ దాకా రావాలి. మందు పేరు, ఎంత చిక్కగా కలిపారు, గంటకి ఎంత అన్నవి ఒకరు పైకి చదివితే, రెండోవాళ్ళు పంపు తెర చూసి అవుననాలి. మధ్యలో వేలెత్తితే మళ్ళీ మొదటినుంచి మొదలు.

ఇంట్లోనూ అంతే. వంటింట్లో ప్రతి డబ్బా మీదా చీటీ, అత్తగారి మందుల పెట్టె మీద ఏడు చీటీలు. ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. "నా వీపు మీద కూడా ఒకటి అంటించవోయ్, డిపోలో తప్పిపోతే ఎవరో ఒకరు తెచ్చి అప్పజెబుతారు" అంటాడు. అత్తగారు మాత్రం ఆ వేళాకోళంలో కలవదు. కోడలు ఇల్లు కదిలేదాకా నోరు కట్టుకుని, ఆ తర్వాత డబ్బాల చోట్లు మార్చేసి తృప్తి పడుతుంది.

ఇలాంటి మనిషి చేతికింద ఉన్న ఐసీయూలో, ఒక మంగళవారం పొద్దున పదకొండు దాటి మూడు నిమిషాలకి, నాలుగో మంచం మీదున్న వడ్రంగి గుండె ఆగిపోయింది.

అతనికి నలభై ఆరేళ్ళు. అరచేతిలో దిగిన మేకు గాయాన్ని నాలుగు రోజులు పట్టించుకోలేదు. చీము పట్టి, ఆ విషం రక్తంలోకి పాకి, బీపీ నేలకి దిగిన స్థితిలో తెచ్చారు. నోరాడ్ అని నర్సులు పిలుచుకునే, బీపీని నిలబెట్టే మందు గంటకి పది ఎమ్మెల్ చొప్పున ఎక్కుతోంది కాబట్టే ఊపిరి మిగిలింది. అది ఒక్క నిమిషం ఆగినా మనిషి జారిపోతాడు. ఏడింటికి యాభై ఎమ్మెల్ నింపిన సిరంజి పన్నెండింటిదాకా రావాలి. పదకొండున్నరకి తర్వాతి సిరంజి కలిపి సిద్ధంగా పెట్టుకోవాలి. ఆ మంచం చూసుకుంటున్నది పిచ్చుక.

చిన్నగా ఉండి, గబగబా నడిచి, గలగలా మాట్లాడుతుందని ఆ పిల్లకి ఆ పేరు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పదకొండింటికి నాలుగో మంచం పంపు కూత పెట్టింది. అది మందు అయిపోవస్తోందని చెప్పే కూత కాదు. ట్యూబు ఎక్కడో మూసుకుపోయిందని చెప్పే కూత. ఆ కూతకి ఏం చెయ్యాలో పిచ్చుకకి నేర్పింది చీటీలక్కే: ట్యూబు మడతపడిందేమో చూడు, రోగి చెయ్యి కింద నలిగిందేమో చూడు, ట్యూబుని తెరిచి మూసే బిళ్ళ మూసి ఉందేమో చూడు. పిల్ల వంగి అవన్నీ చూసింది. ట్యూబు ఎక్కడా మడత పడలేదు. తలెత్తేసరికి మానిటర్ మీద నూటపది ఉండాల్సిన బీపీ డెబ్భైకి వచ్చింది. సిరంజి వంక అప్పుడు చూసింది. అందులో చుక్క లేదు.

తర్వాత జరిగినదంతా పరుగే. కొత్త సిరంజి కలిపేలోపే గుండె ఆగింది. ఇద్దరు మార్చి మార్చి ఛాతీ మీద నొక్కారు. నాలుగు నిమిషాలకి గుండె మళ్ళీ కొట్టుకుంది కానీ, పొద్దున్నే భార్యని చూసి కనుబొమలెత్తిన మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు.

తొమ్మిదో మంచం నుంచి పరిగెత్తుకొచ్చిన చీటీలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. రోగి గుండె కుదుటపడ్డ మరుక్షణం పిచ్చుక మీద విరుచుకుపడింది.

"కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావా? ఎదురుగా ఖాళీ సిరంజి పెట్టుకుని ట్యూబు పిసుకుతావేమే! పొద్దున ఎంత నింపావు? నిజం చెప్పు!"

"యాభై నింపానక్కా."

"యాభై నింపితే పదకొండింటికే ఎలా అయిపోతుంది? గాలి తాగిందా? నువ్వు తాగావా?"

పిచ్చుక ఏదో అనబోయి, నోరు మూసుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ వడ్రంగి భార్య ఇదంతా విన్నది. ఆవిడ అరుపులూ ఏడుపులూ లేకుండా నేరుగా ఆ పిల్ల దగ్గరికొచ్చి, "నీ చేతులు పడిపోనూ" అంది. ఇంకా చాలా అంది, అవి రాయదగ్గ మాటలు కావు. తర్వాత చీటీలక్క రెండు చేతులూ పట్టుకుని, "ఆ మంచం దగ్గర మీరుండుంటే ఇలా జరిగేది కాదమ్మా" అని భోరుమంది. చీటీలక్క కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆవిడకి న్యాయంగానే తోచింది.

సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా ఆవిడ కోపం చల్లారలేదు. చెప్పులు విడుస్తూ మొదలుపెట్టి, అన్నాలయ్యేదాకా పిచ్చుకని తిడుతూనే ఉంది. అంతా విని భర్త నెమ్మదిగా అన్నాడు.

"నా బస్సులో ఎవరైనా ఆపమని అరిస్తే నేను ముందు బ్రేకు వేస్తానోయ్, తిట్టేది ఉంటే తర్వాత తిడతాను. నువ్వు ముందు తిట్టేస్తావు. ఆ తర్వాత బ్రేకు సంగతి అడగడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?"

"మీ బస్సూ నా ఐసీయూ ఒకటేనా? మీరు ఊరుకోండి," అని ఆయన మీద కూడా ఒక విసురు విసిరి పడుకుంది.

బుధవారం పొద్దున మేట్రన్ ఆవిడని పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది. అప్పటికే టైపు చేసి ఉంది. సిరంజి పూర్తిగా నింపకుండా పెట్టినందువల్లా, సకాలంలో చూసుకోనందువల్లా ఈ సంఘటన జరిగిందని, దీనికి పూర్తి బాధ్యత ఫలానా నర్సుదేనని. కింద ఇన్‌చార్జ్ సంతకానికి ఖాళీ.

"నాలుగింటికి మీటింగు. సూపరింటెండెంటు గారూ, పెద్ద డాక్టరు గారూ ఉంటారు. ఆలోపు సంతకం పెట్టి ఇచ్చెయ్. ఈ సాయంత్రంతో ఆ అమ్మాయిని పంపించేస్తున్నాం. నర్సుల కౌన్సిల్‌కి కూడా రాస్తున్నాం," అంది మేట్రన్.

కౌన్సిల్‌కి రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇక ఏ ఆస్పత్రీ ఆ పిల్లని గుమ్మం ఎక్కనివ్వదు. చదివిన నాలుగేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే. చీటీలక్కకి అప్పుడు కూడా జాలి కలగలేదు. పెన్ను తీసింది. తను చూడని కాగితం మీద సంతకం పెట్టే అలవాటు లేదు కాబట్టి, వడ్రంగి మందుల చార్టు కూడా తెప్పించుకుంది, టైము సరిపోల్చుకుందామని.

చార్టు చేతికొచ్చేసరికి మూడున్నర దాటింది. ఏడు గంటల గడిలో రెండు సంతకాలున్నాయి. కలిపి నింపినవాళ్ళ చోట పిచ్చుక సంతకం. చూసి సరిగ్గా ఉందన్నవాళ్ళ చోట చీటీలక్క సంతకం.

అవును, తనే చూసింది. సిరంజిని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, యాభై గీత మీద మందు నిలబడటం కళ్ళారా చూసింది. నిన్నటి వీరంగంలో ఆ సంగతే గుర్తు రాలేదు. ఆ పిల్ల సగం నింపిందంటే, తను సగం సిరంజి చూసి నిండుగా ఉందని సంతకం పెట్టినట్టు. తను అలా ఎప్పుడూ పెట్టలేదు, చచ్చినా పెట్టదు. సిరంజి నిండుగానే ఉంది. అయితే ఐదు గంటలు రావాల్సిన మందు నాలుగు గంటలకే ఎలా అయిపోయింది?

పెన్ను మూతపెట్టి, పిచ్చుకని వెతుక్కుంటూ నర్సులు బట్టలు మార్చుకునే గదికి వెళ్ళింది. పిల్ల తన అలమారా ఖాళీ చేసి సంచీలో సర్దుకుంటోంది. సాయంత్రందాకా ఆగడం దేనికనుకుంది కాబోలు.

"ఆపు. కూర్చో. యాభై నింపావు, నేనూ చూశాను. మరి ఏమైంది?"

పిచ్చుక కూర్చోలేదు. "నాకు తెలీదక్కా. కానీ ఈ మధ్య అన్నీ ముందే అయిపోతున్నాయి. మీకు చెప్పాను కదా."

"ఎప్పుడు చెప్పావు?"

"పోయిన గురువారం ఒకసారి, ఆదివారం ఒకసారి. రెండోసారి మీరు, నింపడం చేతకాని వాళ్ళంతా పంపు మీద పడి ఏడుస్తారన్నారు. ఇంక ఎవరం చెప్పలేదు. ముందే అయిపోతే మార్చుకుంటున్నాం, అంతే."

ఎప్పటినుంచి ఇలా అవుతోందని చీటీలక్క అడిగింది.

"కొత్త సిరంజిలు వచ్చినప్పట్నుంచి. పన్నెండు రోజులైంది. ఆ కంపెనీ పేరు మన పంపుల్లో లేదక్కా. సిరంజి పెట్టగానే ఏ కంపెనీదని పంపు అడుగుతుంది కదా, ఆరు పేర్లు చూపిస్తుంది. వాటిలో ఇది లేదు. మొదటిరోజు మిమ్మల్ని అడిగాను కూడా. ఏం నొక్కమంటారని."

"నేనేమన్నాను?"

పిచ్చుక తల వంచుకుంది. "ఏదో ఒకటి నొక్కి చావు, యాభై ఎమ్మెల్ ఎక్కడైనా యాభై ఎమ్మెలే, అన్నారు. అప్పుడు ఏడో మంచానికి కొత్త రోగి వచ్చాడు. మీరు పనిలో ఉన్నారు. అప్పట్నుంచి అందరం పైనున్న మొదటి పేరే నొక్కుతున్నాం."

ఆ మాటతో చీటీలక్కకి నిన్న పదకొండింటికి జరిగిందంతా కళ్ళకి కట్టినట్టు కనపడింది. పంపుకి కళ్ళుండవు. సిరంజిలో ఎంత మందుందో అది చూడలేదు. మనం చెప్పిన కంపెనీ సిరంజి ఎంత లావో దానికి తెలుసు, దాన్నిబట్టి పిడిని ఎంత దూరం నెట్టాలో లెక్క వేసుకుంటుంది. సన్న సిరంజి పేరు చెప్పి లావు సిరంజి పెడితే, నెట్టిన ప్రతిసారీ లెక్కకి మించి మందు పోతుంది. లావు సిరంజి పొట్టిగా కూడా ఉంటుంది. పిడి అడుగుకి తగిలి ఆగిపోయినా, పంపు మాత్రం ఇంకా మందుందనే నమ్ముతుంది. నెడుతుంటే కదలడం లేదు కాబట్టి ట్యూబు మూసుకుపోయిందని కూత పెడుతుంది. పిచ్చుక ఆ కూతని నమ్మింది. నమ్మమని నేర్పింది తను.

ఇంకో సంగతి తట్టింది. ఆ నిమిషంలో కూడా ఐసీయూలో ఆ కొత్త యాభై ఎమ్మెల్ సిరంజి పెట్టిన పంపులు పదకొండు నడుస్తున్నాయి.

గోడ గడియారంలో నాలుగు దాటి ఐదు నిమిషాలైంది. ఖాళీ పంపొకటి చంకన పెట్టుకుని, కొత్త సిరంజిలో యాభై ఎమ్మెల్ మంచినీళ్ళు నింపుకుని, గీతలున్న మందుగ్లాసు ఒకటి తీసుకుని మెట్లెక్కింది. వెనకాలే పిచ్చుక. మీటింగు గది తలుపు తట్టకుండానే తోసింది.

బల్ల చుట్టూ ముగ్గురూ టీ తాగుతున్నారు. పెద్ద డాక్టరు బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"సంతకం పెట్టావా?" అంది మేట్రన్.

"ఆరు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి," అంది చీటీలక్క. ఎవరితో అంటోందో ఆవిడకి తెలుసు. ఎలా అంటోందో కూడా తెలుసు. బల్ల మీద పంపు పెట్టి, వార్డులో అందరూ నొక్కుతున్న పేరే నొక్కి, గంటకి వంద అని కొట్టింది. ట్యూబు నిండి చుక్క పడేదాకా ఆగి, అప్పుడు గ్లాసు కింద పెట్టింది. "ఆరు నిమిషాల్లో పది రావాలి. చూడండి."

సూపరింటెండెంటు గారు ఇదేం పద్ధతని లేవబోయాడు. పెద్ద డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. ఆయనకి మనుషుల మర్యాద కంటే పంపు మీద ఆసక్తి ఎక్కువ, అదొక్కటే ఆయనలో మంచి గుణం. ఆరు నిమిషాలంటే మాట్లాడుకునేవాళ్ళకి ఏమీ కాదు. ఊరికే కూర్చుని చుక్కలు చూసేవాళ్ళకి ఎంత పొడుగో ఆ రోజు ముగ్గురికీ తెలిసింది. ముంచిన బిస్కెట్టు విరిగి టీలో పడింది, డాక్టరు తియ్యలేదు.

ఆరు నిమిషాలకి పంపు ఆపి గ్లాసు ఆయన ముందుకి జరిపింది. నీళ్ళు పన్నెండు గీత దాటి నిలబడ్డాయి.

"పది అనుకుని పన్నెండు పైగా ఎక్కిస్తున్నాం. నిద్ర మందు, బీపీ మందు, ఇన్సులిన్, అన్నీ. పన్నెండు రోజులుగా. సిరంజి మార్చామని స్టోరువాళ్ళు ఒక్క ముక్క రాసి పంపలేదు. మరమ్మతు చేసేవాడొచ్చి పంపులో ఆ పేరు ఎక్కించలేదు. కింద ఇంకా నడుస్తున్నాయి. మీరిక్కడ టీ తాగుతూ ఒక్క పేరు వెతుక్కున్నారు!"

డాక్టరు లేచాడు. మేట్రన్ మాత్రం తెల్లమొహం వేసి, వెంటనే తేరుకుని, "అయితే తప్పు పేరు నొక్కింది ఈ అమ్మాయే కదా?" అంది.

"నొక్కమన్నది నేను." చీటీలక్క గొంతు ఆ ఒక్కమాట దగ్గర తగ్గింది. "ఇదొక్కతే అడిగింది. నేను తిట్టాను. మందు ముందే అయిపోతోందని మళ్ళీ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తిట్టాను. రాసుకోండి. తర్వాత రాసుకోండి, ముందు కిందికి పదండి."

డాక్టరు మెట్లు దిగుతూనే, సిరంజిలన్నీ వెంటనే మార్చేయమని కేకేశాడు. చీటీలక్క ఆయనకి అడ్డం వెళ్ళింది.

"అన్నీ ఒకేసారి వద్దు సార్! ఇప్పటిదాకా ఒంటికి అందుతున్నది పన్నెండు. సరైన సిరంజి పెట్టి పది అని కొడితే మందు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. నిన్న నాలుగో మంచానికి జరిగిందే మిగతావాళ్ళకీ జరుగుతుంది."

అలమారాలో పాత కంపెనీవి ఇరవై ఎమ్మెల్ సిరంజిలు మిగిలి ఉన్నాయి. వాటి పేరు పంపుల్లో ఉంది. ఒక్కో మంచం దగ్గరా రెండో పంపు పక్కన పెట్టి, కొత్త సిరంజి నడిచి మందు కదిలాకే పాతది ఆపుతూ, పది ఉన్నచోట గంటకి పన్నెండు దగ్గర మొదలుపెట్టి, బీపీ మీద కళ్ళు పెట్టుకుని కొంచెం కొంచెంగా సర్దారు. ఒక మంచం కుదిరితేనే రెండోదాని దగ్గరికి వెళ్ళారు. చీటీలక్క వేలు పెట్టి చదువుతుంటే పిచ్చుక తెర చూసి అవునంది. మందు పేరు, చిక్కదనం, గంటకి ఎంత. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎవరూ పైకి చదవని నాలుగో సంగతి, సిరంజి కంపెనీ పేరు. అది తెర అడుగున చిన్న అక్షరాల్లో ఎప్పుడూ ఉంటూనే ఉంది. పదకొండో పంపు మారేసరికి ఆరున్నర అయింది. ఎవరి బీపీ కూడా పడలేదు.

అప్పుడు మేట్రన్ ఆవిడని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆ కాగితం చించేశాను. ఆ అమ్మాయి రేపు డ్యూటీకి రావచ్చు. పంపు లోపం అని రాసేద్దాం. ఎవరి పేరూ వద్దు. నీ పేరు కూడా. ఇరవై రెండేళ్ళ సర్వీసు."

చీటీలక్క ఒంటికాలి మీద లేచింది. "పొద్దునదాకా పేరు లేకపోతే కాగితం ముగియలేదే? ఇప్పుడు అక్కర్లేకుండా పోయిందా? ఎనిమిది నెలల పిల్ల పేరైతే రాయొచ్చు, నా పేరైతే పంపు లోపమా?"

తెల్లకాగితం లాక్కుని తనే రాసింది. స్టోరు పేరు రాసింది, మరమ్మతు విభాగం పేరు రాసింది. నర్సు అడిగితే తప్పు సమాధానం చెప్పింది నేను, రెండుసార్లు హెచ్చరిస్తే అరిచి నోరు మూయించింది నేను అని కూడా రాసింది. ఇన్‌చార్జ్ పని పోతుందని తెలిసే సంతకం పెట్టింది. రాస్తున్నంతసేపూ ఎవరి మీద కోపమో తెలియని కోపంతో పెన్ను కాగితంలోకి దిగబడుతూనే ఉంది. స్టోరు మీద, మేట్రన్ మీద, మంగళవారం పొద్దుట అందరి ముందూ అరిచిన ఆ గొంతు మీద.

పిచ్చుక ఇంకా అక్కడే నిలబడి ఉంది. "వెళ్ళు, సంచీలో బట్టలు మళ్ళీ అలమారాలో పెట్టుకో," అంది చీటీలక్క. క్షమించమని అడుగుదామనుకుంది. పిచ్చుక దాని కోసం ఆగలేదు. "రేపు ఆ నాలుగో మంచం నాకు వెయ్యకండక్కా," అని వెళ్ళిపోయింది.

ఇంక మిగిలింది ఒక్కరే. వడ్రంగి భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా అదే చీర. చీటీలక్కని చూడగానే లేచి నిలబడి, దేవుణ్ణి చూసినట్టు చేతులు జోడించింది. అది చూసి చీటీలక్కకి ఒళ్ళు మండింది, తన మీద తనకే. నిలబడే మొత్తం చెప్పేసింది. సిరంజి సంగతి, పేరు సంగతి, పిల్ల అడగడం, తను కసరడం. ఆ పిల్ల తప్పు ఇందులో లేదని రెండుసార్లు చెప్పింది.

వడ్రంగి భార్య జోడించిన చేతులు ఎప్పుడు దింపిందో తెలియదు. చేతులు పడిపోనూ అని శపిస్తుందని చీటీలక్క ఎదురుచూసింది. శపిస్తే బాగుండుననిపించింది.

"నాకు చెప్పారు సరే," అంది చివరికి. "ఆయనకి చెప్పండి."

"ఆయనకి స్పృహ లేదమ్మా."

"వింటాడో లేదో మీకు తెలుసా?"

తెలియదు. ఎవరికీ తెలియదు. ఇద్దరూ నాలుగో మంచం దగ్గరికి వెళ్ళారు. నోట్లో గొట్టం, మూసిన కళ్ళు, కట్టు కట్టిన అరచెయ్యి. చీటీలక్క ఆయన తల దగ్గరికి వంగి మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళుగా పన్నెండు మంచాలకీ వినపడ్డ గొంతు ఆ మంచానికే వినపడనంతగా సన్నబడింది.

"గట్టిగా చెప్పండి," అంది వెనకనుంచి భార్య. "రంపం మిషను దగ్గర పని చేసీ చేసీ ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు."

చీటీలక్క మళ్ళీ మొదటినుంచి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.